మహేందర్ లాగిన్

మహేందర్ కూలిపోయినప్పుడు ఆ హాల్లో ఉన్నవాళ్లంతా నవ్వుతున్నారు.

నవ్వమన్నారు గనక నవ్వుతున్నారు. గచ్చిబౌలిలో ఆ అద్దాల మేడ ఆరో అంతస్తు క్యాంటీన్‌లో బల్లలన్నీ గోడకు జరిపి కంపెనీవాళ్లు 'ఒత్తిడి లేని వారం' జరుపుతున్నారు. పసుపు టీషర్టు వేసుకున్న శిక్షకుడు మైకు పట్టుకుని, చేతులు పైకెత్తండి, కడుపులోంచి నవ్వండి, పక్కవాళ్ల కళ్లలోకి చూస్తూ నవ్వండి, నేను చెప్పేదాకా ఎవరూ ఆపొద్దు అని అరుస్తున్నాడు. ఒకడు చుట్టూ తిరిగి ఫోటోలు తీస్తున్నాడు. నవ్వుతున్న ప్రతి మనిషికీ తెలుసు, ఇక్కడ పోయిన గంటను సాయంత్రం సీట్లో కూర్చుని పూడ్చుకోవాలని. రోజు పని టార్గెట్ ఏమాత్రం తగ్గించలేదు. చెరువు ఎండగట్టి చేపల మీద నీళ్లు చిలకరించే రకం ఆ కంపెనీ.

తన టీమ్‌లోనే పనిచేసే ఉమాశ్రీ పక్కన నిలబడ్డాడు మహేందర్. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండగా మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఉమాశ్రీ కూడా మొదట నవ్వింది. ఆటలో భాగమే అనుకుంది. శిక్షకుడైతే మురిసిపోయి, "సూపర్ సార్! నవ్వంటే ఇలా పడీపడీ నవ్వాలి!" అన్నాడు మైకులో. మహేందర్ ముఖం నేలకు కొట్టుకున్న చప్పుడు విన్నాకే ఆమె నవ్వు ఆపింది. అప్పటికీ వెనక వరసలవాళ్లు నవ్వుతూనే ఉన్నారు.

"ఆపుండ్రి! మనిషి పడ్డడు, ఆపుండ్రి!" అని గొంతు చించుకున్నాడు రాకేశ్. అదే టీమ్ కుర్రాడు. హఫీజ్‌పేట్‌లో పుట్టి పెరిగినవాడు. నోరు దురుసు, మనసు వెన్న.

ఆ అంతస్తులో ఒక విశ్రాంతి గది ఉంది. మెత్తటి మంచం, రక్తపోటు చూసే యంత్రం, ఆక్సిజన్ సిలిండర్, గోడ మీద బుద్ధుడి బొమ్మ. అమెరికా నుంచి క్లయింట్లు వచ్చినప్పుడు దాన్ని తెరిచి చూపిస్తారు. రాకేశ్, ఉమాశ్రీ, టీమ్ లీడ్ దినేశ్ కలిసి మహేందర్‌ను అక్కడికి మోసుకుపోయారు. తలుపుకు తాళం ఉంది. తాళం చెవి ఉద్యోగుల సంక్షేమం చూసే అధికారి ఆమని దగ్గర ఉంటుంది. ఆమని కింది అంతస్తులో మీటింగులో ఉంది. ఆమె వచ్చేదాకా మహేందర్ ఆ తలుపు ముందే, దినేశ్ ఒళ్లో తల పెట్టుకుని నేల మీద పడి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. అంబులెన్సు ఎక్కించారు గానీ ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది. ముప్పై రెండేళ్ల మనిషి.

అంబులెన్సు గేటు దాటక ముందే ఆమని వచ్చి ఫ్లోర్ మధ్యలో నిలబడింది. "అందరూ దయచేసి సీట్లలోకి వెళ్లండి. ఈరోజు నెలాఖరు. మహేందర్‌కి ఏమీ కాదు, పాజిటివ్‌గా ఉందాం" అంది.

వెళ్లి కూర్చున్నారు. ఆ సంగతి కూడా దాచకూడదు. ఎవరూ ఎదురు చెప్పలేదు. వాళ్లది మెడికల్ కోడింగ్. అమెరికాలో రోగి ఆసుపత్రికి వెళ్లివస్తే, డాక్టరు రాసినదంతా చదివి ఏ జబ్బుకు ఏ కోడ్, ఏ వైద్యానికి ఏ కోడ్ అని వీళ్లు వేస్తారు. దాన్నిబట్టి అక్కడి బీమా కంపెనీ బిల్లు కడుతుంది. ఒక్కో రోగి కాగితాలు ఒక్కో చార్టు. ఆ సాయంత్రం ఉమాశ్రీ తెరిచిన చార్టులో ఎవరో ఆఫీసు గుమాస్తాకు పని ఒత్తిడి వల్ల గుండె దడ, నిద్రలేమి అని రాసి ఉంది. రెండింటికీ కోడ్లు ఉన్నాయి. వేసి, తర్వాతి చార్టు తెరిచింది.

మూడో రోజు అందరికీ మెయిల్ వచ్చింది. 'మన ప్రియమైన మహేందర్ చివరి రోజు వరకూ నూటికి నూరు శాతం టార్గెట్ పూర్తి చేశారు. పని విషయంలో ఆయనకు ఎలాంటి ఇబ్బందీ ఉన్నట్టు మా దృష్టికి రాలేదు. వ్యక్తిగత జీవితంలో ఒత్తిడి ఎదుర్కొంటున్న ఉద్యోగులు మా కౌన్సెలర్‌ను కలవవచ్చు.'

రాకేశ్ అది చదివి బల్ల గుద్దాడు. "ఏంది గిది? ఇంట్ల లొల్లితోటి సచ్చిండని రాసిన్రు సక్కగ!"

 ఉమాశ్రీ కళ్లు నూటికి నూరు అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. ఆ నూరులో సగం ఆమె చేతులతో చేసినదే.

ఆ ఫ్లోర్ మీద ఒక అలవాటు ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు చందా. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, పిల్లలకు జ్వరమొస్తే, కడుపుతో ఉన్న పిల్ల కూర్చోలేకపోతే, తమ పని ముగించుకున్నవాళ్లు ఆ మనిషి లాగిన్‌లోకి వెళ్లి తలా కొన్ని చార్టులు వేసిపెట్టేవారు. పాస్‌వర్డులు చెవిలో చెప్పుకునేవారు. పల్లెల్లో బదులు పనికి వెళ్లినట్టే. టార్గెట్ అందుకోలేని మనిషికి ముందు హెచ్చరిక, తర్వాత 'మెరుగుదల ప్రణాళిక', ఆ తర్వాత గేటు. ఆ గేటు తోటివాళ్లకు చూపించకూడదని వాళ్ల తాపత్రయం. ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడితే ఉద్యోగం ఊడుతుంది. రోగుల వివరాల గోప్యత కింద పోలీసు కేసు కూడా అవుతుంది. ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టించుకుంటారు. అయినా ఎవరూ మానలేదు. ఆ మేడలో మనుషులు మనుషుల్లా బతికింది ఆ ఒక్క దొంగతనంలోనే.

ఎండాకాలం నుంచీ మహేందర్‌కు బాగాలేదు. చార్టు తెరిచి, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదివేవాడు. వేళ్లు వణికేవి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఏమైందని ఉమాశ్రీ అడిగితే, "ఏం లేదక్కా, జర నిద్ర తక్కువైంది" అనేవాడు. సెలవు అడిగితే నెలాఖరు వెళ్లాక చూద్దామన్నారు. నెలాఖరు ప్రతి నెలా వస్తుంది. ఉమాశ్రీ, రాకేశ్, వెనక సీటు కనకలక్ష్మి, ఇంకా కొంతమంది మహేందర్ లాగిన్‌లో చందా వేస్తూ పోయారు. టార్గెట్ అందినవాళ్లను పచ్చగా, వెనకబడినవాళ్లను ఎర్రగా చూపించే గోడ మీది పెద్ద తెర మీద అతని పేరు ఎప్పుడూ పచ్చగానే ఉండేది.

దినకర్మలు అయ్యాక ఉమాశ్రీ, రాకేశ్ హఫీజ్‌పేట్ వెళ్లారు. స్టేషన్ వెనక గల్లీలో, పై అంతస్తులో రెండు గదుల కిరాయి ఇల్లు. మెట్ల మీద మహేందర్ తండ్రి నర్సింహ కూర్చున్నాడు. చేవెళ్ల దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. లోపల మహేందర్ భార్య రోహిణి గోడకు ఆనుకుని ఉంది. మామా కోడళ్ల మధ్య గుమ్మం ఒక్కటే అడ్డు. కానీ వాళ్లు మాట్లాడుకుని రోజులు గడిచినట్టు చూడగానే తెలిసిపోయింది.

"ఆఫీసు మేడం ఫోన్ చేసింది" అన్నాడు నర్సింహ, ఎవరూ అడగకుండానే. "మీ కొడుక్కు పనికాడ ఏ ఫికర్ లేకుండె, అందరికన్న మంచిగ చేసెటోడు, ఇంట్ల ఏమన్న పంచాది ఉండెనా అని అడిగింది. ఉండె మేడం అన్న. నేనొచ్చినప్పుడల్లా సూసిన. దినాం లొల్లే. బంగారమసుంటి పోరన్ని తినేసింది."

రోహిణి లోపలి నుంచి అంతా వింది. ఏడుపు కూడా రాని ముఖంతో ఉమాశ్రీ చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్లింది.

"లొల్లి చేసిన అక్కా. అబద్ధం జెప్ప. తింటలేడు, పంటలేడు, పలకరిస్తే కస్సుమంటడు. గీ నౌకరి ఇడిసిపెట్టు, ఊరికి పోదాం, కూలి చేసుకొని బతుకుదాం అని కొట్లాడిన. ఆఫీసుల ఏమైతుందని అడిగితే ఏం గాలేదంటడు. ఆఫీసోళ్లు గూడ ఏం గాలేదంటున్రు. ఇగ మిగిలింది నేనే గద? నా నోటికి సచ్చిండా అక్కా? నువ్వు ఆయన పక్కకే కూసుంటవు గద. నువ్వు జెప్తే నమ్ముత."

ఉమాశ్రీ మెట్ల వైపు చూసింది.  నిజం చెబితే ఆ మాట మెట్ల మీది ముసలాయన వింటాడు, ఆయన ఆమనికి చెబుతాడు, రేపు పొద్దుటికి తన ఉద్యోగం ఉండదు. భర్త వెంకట్ ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నాడు. నిజాంపేట ఫ్లాటు, అమ్మాయి చదువు, అన్నీ ఆమె ఒక్కదాని మీదే నడుస్తున్నాయి. "బాధపడకమ్మా" అని మాత్రం అంది. ఆ మాటకు రోహిణి చెయ్యి వదిలేసింది.

మెట్లు దిగి గల్లీ మలుపు తిరిగాక ఉమాశ్రీ ఒక షట్టరు పక్కన నిలబడి ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది.

"ఇగ దాసుడొద్దక్కా" అన్నాడు రాకేశ్. "జెప్పాలె. నువ్వు నేను ఇద్దరమే జెప్తే ఇద్దర్ని తీస్తరు. అందరం జెప్తే?"

"అందరూ ఎందుకు చెబుతారు రాకేశ్? ఎవరి కడుపు వాళ్లది."

"అడిగి సూద్దాం. అడగకుంటనే ఎందుకనుకోవాలె?"

ఆఫీసులో నలుగురు ఒకచోట చేరితే కెమెరా చూస్తుంది. అందుకని ఆదివారం మధ్యాహ్నం హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్‌కు రమ్మన్నారు. అక్కడ రైలు వచ్చేది తక్కువ. ప్లాట్‌ఫాం మీద కూర్చున్నవాళ్లను ఎవరూ ఏమీ అడగరు. డజను మంది దాకా వచ్చారు. ఒకరినొకరు చూసుకోవడానికి మొహమాటపడుతూ, రైలు కోసం వచ్చినట్టు దూరదూరంగా కూర్చున్నారు. ఉమాశ్రీ రోహిణి అడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్టు చెప్పింది. 

కనకలక్ష్మి లేచింది. నలభై దాటిన మనిషి, తణుకు వైపు వాళ్లు. "ఉమా, నా మాట కూడా వినమ్మా. మా ఆయనకి డయాలసిస్ జరుగుతోంది. కంపెనీ బీమా కార్డు ఉంటేనే ఆసుపత్రిలో మంచం ఇస్తారు. కార్డు పోయిందనుకో, నేను ఆయన్ని చేజేతులా చంపుకున్నట్టే. పోయినవాడి కోసం ఉన్నవాణ్ణి చంపుకోమంటావా? ఆ పిల్లకి సాయం చెయ్యాలంటే తలా కాస్త వేసుకుందాం. అది మంచి పనే. కానీ పాస్‌వర్డుల సంగతి మాత్రం ఎత్తకండి."

"ఆమెకు పైసలు గాదమ్మా కావాల్సింది" అన్నాడు రాకేశ్. "మొగుణ్ణి తినేసిందంటున్రు. ఆ మాట పోవాలె."

"ఎవరి ఇంట్లో మాటలు లేవు నాయనా!"

వాదన పెరిగింది. ఒకతను, మనం మంచికే చేశాం కదా అన్నాడు. ఇంకొకామె, మంచికి చేస్తే దాచడం ఎందుకంది. కార్మిక శాఖకు ఆకాశరామన్న ఉత్తరం రాద్దామన్నాడు ఒకతను. సంతకం లేని ఉత్తరం చిత్తుబుట్టకే అన్నారు మిగతావాళ్లు. అప్పుడే ఫుట్‌బ్రిడ్జి మెట్లు దిగుతూ దినేశ్ కనిపించాడు. అందరి నోళ్లూ పడిపోయాయి. టీమ్ లీడ్ అంటే యాజమాన్యం ముందు ఎలుక, ఉద్యోగుల ముందు పిల్లి.

"భయపడకండి" అన్నాడు దినేశ్. గడ్డం పెరిగిపోయి ఉంది. ఒళ్లో మహేందర్ తల పెట్టుకుని పెదవులు నల్లబడటం చూసినవాడు ఆ రోజు నుంచీ నిద్రపోలేదు. "చందా సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. నా టీమ్ పచ్చగా ఉంటే నాకూ మంచిదే కాబట్టి కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు ఒక మాట చెప్పి వెళ్లిపోతాను. జూన్‌లో టార్గెట్ పెంచినప్పుడు నేను పైవాళ్ల దగ్గరికి వెళ్లాను. పిల్లలు చచ్చిపోతున్నారు, తగ్గించండి అన్నాను. వాళ్లు కంప్యూటర్ తిప్పి మీ పేర్లు చూపించారు. 'ఒక్కరన్నా వెనకబడ్డారా దినేశ్? నీరసంగా ఉన్నాడంటున్నావే, ఆ మహేందర్ కూడా నూటికి నూరు చేస్తున్నాడుగా. ఇంకా పెంచవచ్చు' అన్నారు."



ఉమాశ్రీకి అప్పుడు అర్థమైంది. మహేందర్‌ను కాపాడుతున్నామనుకున్నారు. అతను పడిపోతున్నాడన్న సంగతి లోకానికి కనపడకుండా అడ్డం నిలబడ్డారు. చెయ్యలేని మనిషి పేరున చేసి చూపించి, అందరూ చెయ్యగలరని కంపెనీకి రుజువు ఇచ్చారు. ఆ రుజువుతోనే కంపెనీ అందరి మెడ మీద బరువు పెంచింది. బరువు పెరిగినకొద్దీ ఇంకొకరు పడిపోయారు, వాళ్లకీ చందా వేశారు. తాము తవ్విన గోతిలోనే తాము దిగుతూ వచ్చారు. పోయినవాడు ముందు దిగాడు.

"తప్పు సాయం చెయ్యడంలో లేదు" అంది ఆమె నెమ్మదిగా. "దాచి చెయ్యడంలో ఉంది. ఇంతకాలం కలిసి దొంగతనంగా ఉన్నాం. ఇక కలిసి బయటపడదాం. రేపటి నుంచి ఎవరి లాగిన్‌లో వాళ్లు, మనిషి చెయ్యగలిగినంతే చేద్దాం. తెర మీద ఎర్రగా కనపడనివ్వండి. శుక్రవారం సంతాప సభ పెడుతున్నారు. రోహిణినీ వాళ్ల మామయ్యనీ పిలుస్తున్నారు. వాళ్ల ముందే చెప్పేద్దాం."

"నన్ను ఇందులో కలపకండి" అంది కనకలక్ష్మి. కళ్లనిండా నీళ్లతో వచ్చిన రైలెక్కి వెళ్లిపోయింది. ఇంకో ముగ్గురు ఆమె వెనకే ఎక్కారు.

ఇంట్లో వెంకట్ విని తల పట్టుకున్నాడు. "నీకేమన్నా పిచ్చా ఉమా? నా ఉద్యోగం పోయినప్పుడు ఎవరు లేచారు? ఒక్కడు అడిగాడా?"

"ఎవరూ లేవలేదు. అందుకే పోయింది" అంది ఉమాశ్రీ.  ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోలేదు. భయం ఆమెకు కూడా ఉంది. పొద్దున పిల్లకు జడ వేస్తుంటే చేతులు వణికాయి. మహేందర్ చేతులు గుర్తొచ్చి గట్టిగా బిగించుకుంది.

శుక్రవారం శిక్షణ హాలు నిండిపోయింది. ముందు వరసలో నర్సింహ, రోహిణి కూర్చున్నారు. ఇద్దరి మధ్య ఒక కుర్చీ ఖాళీ. ఆమని తెల్లచీర కట్టుకుని మైకు అందుకుంది. తెర మీద మహేందర్ ఫోటో వెలిగింది. చేతులు పైకెత్తి నోరారా నవ్వుతున్నాడు.

అది ఆ రోజు తీసిన ఫోటో. కింద పడటానికి క్షణం ముందు తీసినది. ఫోటో అంచున ఇంకో మనిషి సగం ముఖం కత్తిరించగా మిగిలింది. ఆ నవ్వుతున్న సగం ముఖం తనదేనని ఉమాశ్రీ పోల్చుకుంది. 

"ఈ చిరునవ్వే మహేందర్" అంది ఆమని. "చివరి రోజు వరకూ ఉత్సాహంగా, నూటికి నూరు శాతం పని చేశారు. మన దగ్గర ఆయన ఎంత ఆనందంగా ఉన్నారో ఈ ఫోటోనే చెబుతోంది. ఇంటి సమస్యలు ఎన్ని ఉన్నా ఆఫీసులో ఎప్పుడూ కనపడనివ్వలేదు. అందుకే 'ఉత్తమ ఉద్యోగి' జ్ఞాపిక ఆయన సతీమణికి అందజేస్తున్నాం. రోహిణి గారూ, రండి."

రోహిణి లేవలేదు. తల వంచుకుంది. నర్సింహ ఆమె వైపు చూసిన చూపు హాలంతా చూసింది.

ఉమాశ్రీ లేచి నిలబడింది. "మేడం, ఆ జ్ఞాపిక ఆయనది కాదండి."

"ఉమాశ్రీ, మీ బాధ నాకర్థమవుతుంది. సభ అయ్యాక మన కౌన్సెలర్‌తో..."

"నాకు కౌన్సెలర్ అక్కర్లేదండి. రోహిణీ, నువ్వు నన్నొక మాట అడిగావు. ఆ రోజు భయపడి చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఎండాకాలం నుంచీ మహేందర్ ఈ పని చెయ్యలేకపోయాడు. చార్టు తెరిచి గుడ్లప్పగించి కూర్చునేవాడు. సెలవు అడిగాడు, ఇవ్వలేదు. ఉద్యోగం పోతుందని దాచుకున్నాడు. నీ దగ్గరా దాచాడు. ఆయన లాగిన్‌లో ఆయన పని నేను చేశాను. ఆ నూటికి నూరు అబద్ధం. నువ్వు మానెయ్యమని పోట్లాడావే, ఆయన ప్రాణం కోసం పోట్లాడింది నువ్వొక్కదానివే. మేమెవ్వరం పోట్లాడలేదు."

 ఆమని గొంతు మారింది. "మీరేం ఒప్పుకుంటున్నారో తెలుస్తోందా? ఇంకొకరి పాస్‌వర్డ్ వాడారా మీరు? ఇది నేరం."

"తెలుసండి. ఒప్పుకుంటున్నాను."

ఎవరూ లేవలేదు.  స్టేషన్‌లో సరేనన్నవాళ్లు తలలు దించుకుని చేతుల వైపు చూసుకుంటున్నారు. ఒంటరిగా మిగిలిపోయాననుకుంది ఉమాశ్రీ. అప్పుడు రాకేశ్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "నేను గూడ చేసిన. తాళం చెవి లేక మనిషి నేల మీద సచ్చింది గూడ నేను సూసిన. గది గూడ రాస్కోండి!"

తర్వాత దినేశ్ లేచాడు. టీమ్ లీడ్ లేవడంతో భయం కొంచెం సడలింది. ఒక మూల నుంచి ఒకామె, వెనక నుంచి ఇద్దరు, కిటికీ పక్కనుంచి కడుపుతో ఉన్న ఒక పిల్ల లేచారు. ఆమని మైకు ఆపించి సెక్యూరిటీని పిలిచింది. కనకలక్ష్మి కూర్చునే ఉంది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

నర్సింహ మాత్రం ఎవరి వైపూ చూడలేదు. తెర మీద కొడుకు నవ్వునే చూస్తూ ఉండిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఉమాశ్రీ, రాకేశ్‌ల గేటు తెరిచే బ్యాడ్జీలు పనిచేయడం మానేశాయి. సోమవారం పొద్దున ఇద్దర్నీ పోలీస్ స్టేషన్‌కు పిలిపించి అక్కడే కూర్చోబెట్టారు. రోగుల సమాచారం దొంగిలించారని కంపెనీ ఫిర్యాదు. మిగతావాళ్ల పేర్లు అందులో లేవు. అందర్నీ పంపితే పని చేసేవాళ్లు ఉండరు కదా. ఇద్దర్ని బలి ఇస్తే మిగతావాళ్లు దారికొస్తారని లెక్క వేశారు. అది పాత లెక్కే. చెరుకు ఫ్యాక్టరీలో వేశారు, బొగ్గు గనిలో వేశారు, అద్దాల మేడలోనూ వేస్తారు.

ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేం కాదు, విసిగిపోయినవాడు. "సదువుకున్నోళ్లు, మీకెందుకమ్మా ఈ లొల్లి? తప్పయిందని రాసియ్యుండ్రి, కంపెనీవాళ్లతో నేను మాట్లాడ్త" అన్నాడు.

"ఏం తప్పని రాయాలండి?" అంది ఉమాశ్రీ. "మహేందర్ మామూలుగానే పని చేశాడని రాయాలా?"

ఆయన జవాబు చెప్పేలోపు బయట కలకలం వినిపించింది. కిటికీ లోంచి చూసింది. ఆఫీసు బస్సు గేటు దగ్గర ఆగి ఉంది. పొద్దున షిఫ్టుకు వెళ్లవలసిన బస్సు. డ్రైవర్ ఈశ్వరయ్య దాన్ని ఆఫీసు వైపు తిప్పకుండా తిన్నగా ఇక్కడికి తెచ్చాడు. అందులోంచి కోడర్లు దిగుతున్నారు. దినేశ్ ఉన్నాడు. హాల్లో లేచినవాళ్లున్నారు, లేవనివాళ్లున్నారు. బైక్ ట్యాక్సీల మీద ఇంకొందరు వచ్చారు. పక్క మేడలో బ్యాంకు పని చేసేవాళ్లట, మెడలో వేరే రంగు ఐడీ కార్డు తాళ్లతో పదిమంది వచ్చారు. వాళ్ల ఫ్లోర్ మీద కూడా చందా ఉందని, దానికి వాళ్లు ఇంకో పేరు పెట్టుకున్నారని తర్వాత తెలిసింది.

కానిస్టేబుల్ గేటు మూయబోయాడు. గుంపు తోసుకురాలేదు. లోపలికి రానివ్వమని అడిగి, గోడ వెంబడి నిలబడింది.

వాళ్లతోపాటే రోహిణి, నర్సింహ వచ్చారు. ముసలాయన లోపలికొచ్చి ఉమాశ్రీ ముందు నిలబడ్డాడు.  ఆమెకు చేతులు జోడించి కోడలి వైపు తిరిగాడు. ఇంతమంది చూస్తుండగా, పోలీసుల ముందే, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ మీద మోపిన బిడ్డా. ఆ మేడం మాట నమ్మి నీ మీద మోపిన. నువ్వు ఊరికి పోదాం రమ్మన్నప్పుడు, నౌకరి ఇడిస్తే ఇజ్జత్ పోతదని వాన్ని ఆపింది నేను. నన్ను తిట్టు బిడ్డా, నాలుగు మాటలు తిట్టు."

రోహిణి తిట్టలేదు. మహేందర్ పోయిన రోజు నుంచీ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. మామ భుజం మీద పడి బిగ్గరగా ఏడ్చింది. స్టేషన్‌లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎవరూ ఎత్తలేదు.

ఇన్‌స్పెక్టర్ గోడ వెంబడి ఉన్నవాళ్ల వైపు తిరిగాడు. "సరే, మీరంత ఎందుకొచ్చిన్రు? ఫిర్యాదుల ఇద్దరి పేర్లే ఉన్నయి."

గోడ వెంబడి నిలబడ్డ వరసలో అందరికన్నా ముందు కనకలక్ష్మి ఉంది. ఉమాశ్రీ చూసి నమ్మలేకపోయింది. వద్దన్నట్టు తలూపింది. కనకలక్ష్మి ఆమె వైపు చూడలేదు. చెమటకు ముఖం తడిసిపోయి ఉంది. బ్యాగులోంచి బీమా కార్డు తీసి, ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టింది.

"ఇది రేపటి నుంచి చెల్లకపోవచ్చండి. మా ఆయనకి చెప్పే వచ్చాను. వెళ్లమన్నారు. నా పేరు కనకలక్ష్మి. మహేందర్ లాగిన్‌లో నేనూ పని చేశాను. రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ కలం పట్టుకుని, ఆమె వెనక గేటు దాకా, గేటు బయట రోడ్డు దాకా నిలబడ్డ మనుషుల్ని చూశాడు. కుర్చీ ముందుకు జరుపుకుని రాయడం మొదలుపెట్టాడు.